ప్రైవేటు యూనివర్సిటీయా, కన్వీనర్ సీటా, ఏయూనా: వైజాగ్‌లో చదివినవాడి లెక్క

ఇంటర్ పరీక్షలు అయిన దగ్గర్నుంచి కౌన్సెలింగ్ ముగిసేదాకా విశాఖలో చాలా ఇళ్లలో ఒకటే చర్చ. రుషికొండ వైపు ప్రైవేటు యూనివర్సిటీలో డబ్బు కట్టి ఇప్పుడే చేరిపోవడమా, ఈఏపీసెట్ ర్యాంకు వచ్చేదాకా ఆగడమా? పెద్దవాళ్లు ఇప్పటికీ దాన్ని ఎంసెట్ అనే అంటారు, అది వేరే సంగతి. నేను ఈ నగరంలోనే ప్రైవేటు యూనివర్సిటీలో బీటెక్ చేశాను. మా చెల్లెలు అటానమస్ కాలేజీలో కన్వీనర్ సీటుతో, అంటే ఈఏపీసెట్ ర్యాంకు మీద ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో వచ్చే సీటుతో చదివింది. మా పిన్ని కొడుకు ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ). మూడు రకాల చదువూ ఇంట్లోనే చూశాను కాబట్టి బంధువుల ఫోన్లు నాకే వస్తాయి. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చే ఇల్లయి, పేరున్న అటానమస్ కాలేజీలో కోరుకున్న బ్రాంచో దానికి దగ్గర బ్రాంచో కన్వీనర్ కోటాలో దొరికితే, దాన్ని వదిలి అప్పు చేసి ప్రైవేటు యూనివర్సిటీకి వెళ్లొద్దు. అప్పు లేకుండా కట్టగలిగిన ఇల్లయితే లెక్క మారుతుంది. అప్పుడు చూడాల్సింది పిల్లల స్వభావాన్ని. ఎవరూ వెంటపడకపోయినా తమంతట తాము పని చేసుకునేవాళ్లకు అక్కడ దొరికేవి మిగతా చోట్ల అంత సులువుగా దొరకవు.

ఏది ఏ రకం?

ఆంధ్రా యూనివర్సిటీ 1926లో పుట్టిన రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయం. దాని ఇంజినీరింగ్ కాలేజీలో రెగ్యులర్ బీటెక్ సీట్లు ఈఏపీసెట్ ద్వారానే. గీతం 1980లో ఏయూకు అనుబంధ కాలేజీగా మొదలై 2007లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది. ప్రవేశాలకు దాని పరీక్ష దానిదే, కన్వీనర్ కౌన్సెలింగ్‌తో సంబంధం లేదు. ఇక మధురవాడలో గాయత్రి విద్యా పరిషత్, సంగివలసలో అనిట్స్, దువ్వాడలో విజ్ఞాన్, దాకమర్రిలో రఘు లాంటివి ప్రైవేటు కాలేజీలు. యూనివర్సిటీలు కావు. అటానమస్ హోదా ఉంది కాబట్టి సిలబస్, పరీక్షలు వాళ్లవే, పట్టా మాత్రం అవి అనుబంధంగా ఉన్న యూనివర్సిటీది. ఒకప్పుడు ఇటువైపు చాలా కాలేజీలు కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉండేవి. 2022లో విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ వచ్చాక దాని కిందికి మారాయి.

ప్రైవేటు యూనివర్సిటీ అన్న మాటలోనూ రెండు రకాలున్నాయి. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) చట్టం కింద కేంద్రం ఇచ్చిన హోదాతో నడిచేవి డీమ్డ్ యూనివర్సిటీలు. రాష్ట్రం 2016లో చేసిన ప్రైవేటు యూనివర్సిటీల చట్టం కింద వచ్చినవి రెండో రకం. ఈ రెండో రకంలో 35 శాతం సీట్లు కన్వీనర్ కోటా కింద ఈఏపీసెట్ ద్వారా నింపుతున్నారు. డీమ్డ్‌లో అది లేదు. బ్రోషర్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి, మీ జేబుకు మాత్రం ఒకేలా ఉండవు. ఏ చట్టం కింద ఏర్పడిందో అడగడానికి మొహమాటపడొద్దు.

పట్టా చెల్లుబాటు గురించి భయం వద్దు. యూజీసీ గుర్తింపు ఉన్న డీమ్డ్ పట్టా గేట్‌కీ, సివిల్స్‌కీ, బ్యాంకు ఉద్యోగాలకూ మామూలు పట్టాలాగే పనికొస్తుంది. "అది డీమ్డేనటగా" అని మూతి విరిచే మేనమామలు ప్రతి ఇంట్లో ఉంటారు. వదిలేయండి.

అసలు టెన్షన్ తేదీలది

ఈ ఎంపికలో సగం గందరగోళం చదువు నాణ్యత వల్ల వచ్చేది కాదు, క్యాలెండర్ వల్ల వచ్చేది. ప్రైవేటు యూనివర్సిటీలు సొంత పరీక్ష పెట్టి వేసవిలోనే సీటు ఇచ్చేస్తాయి, ఫలానా తేదీలోగా ఫీజు కడితేనే ఈ బ్రాంచ్, ఈ స్కాలర్‌షిప్ అంటాయి. ఈఏపీసెట్ ఫలితాలు, కౌన్సెలింగ్, సీటు కేటాయింపు ఆ తర్వాతెప్పుడో వస్తాయి. చేతిలో ఉన్న సీటు వదలాలంటే భయం, కట్టాలంటే డబ్బు పోతుందేమోనని ఇంకో భయం. చాలామంది ఈ రెండో భయంతోనే జులైలో మంచి కన్వీనర్ సీటు వచ్చినా అక్కడే ఉండిపోతారు. కట్టిన లక్ష వదులుకోలేక నాలుగేళ్లకు ఇంకెన్నో లక్షలు కడతారు.

దీనికి యూజీసీ నియమం ఉంది. 2018 అక్టోబరు నోటిఫికేషన్ ప్రకారం, ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులో అంతకన్నా ఎక్కువో ముందుగా మానుకుంటే ఫీజంతా తిరిగివ్వాలి. అందులో ప్రాసెసింగ్ ఖర్చు కింద 5 శాతం దాకా పట్టుకోవచ్చు, అది 5 వేలు దాటకూడదు. ఆ 15 రోజుల లోపల మానుకుంటే 90 శాతం. చివరి తేదీ దాటి 15 రోజుల్లోపు అయితే 80 శాతం. 16 నుంచి 30 రోజుల మధ్య అయితే సగం. ఆ తర్వాత ఏమీ రాదు. కొన్ని విద్యా సంవత్సరాలకు యూజీసీ ఇంకా వెసులుబాటు ఇచ్చింది. 2024-25కి సెప్టెంబరు 30 దాకా మానుకున్నవాళ్లకు పూర్తి ఫీజు, అక్టోబరు 31 దాకా వెయ్యి రూపాయలకు మించకుండా పట్టుకుని మిగతాది ఇవ్వాలని చెప్పింది. మీ ఏడాదికి ఏ తేదీలు పెట్టారో యూజీసీ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

ఇందులో కీలకం "ప్రవేశాల చివరి తేదీ" ఏదన్నది. అడ్మిషన్ కౌంటర్‌లో కూర్చున్నవాళ్లు ఫోన్‌లో చెప్పిన తేదీ లెక్కలోకి రాదు. యూనివర్సిటీ అధికారికంగా ప్రకటించిన తేదీ కావాలి. దాన్ని ఈమెయిల్‌లో అడిగి తీసుకోండి. హాస్టల్ అడ్వాన్సు, మెస్ డిపాజిట్ ట్యూషన్ ఫీజుతో పాటే తిరిగొస్తాయని అనుకోవద్దు, వాటి షరతులు విడిగా అడగాలి. ఈ రెండూ కాగితం మీద ఉంటే, ముందు కట్టి తర్వాత కౌన్సెలింగ్ చూసుకోవడంలో తప్పేమీ లేదు.

డబ్బు లెక్క వేసే పద్ధతి

మొదటి ఏడాది ఫీజును నాలుగుతో గుణించి ఇంతే అనుకునేవాళ్లు చాలామంది. ముందు అడగాల్సింది ఫీజు ఏటా పెరుగుతుందా, పెరిగితే ఎంత శాతం అని. ఆ తర్వాత హాస్టల్ లేదా బస్సు, పరీక్ష ఫీజులు, ల్యాప్‌టాప్, వేసవి సెమిస్టర్‌లో సబ్జెక్టు మళ్లీ చదవాల్సి వస్తే దానికి క్రెడిట్ల లెక్కన కట్టే ఫీజు. స్కాలర్‌షిప్ ఇచ్చామన్నప్పుడు అది నాలుగేళ్లకా, ఒక్క ఏడాదికా, ఏటా ఎంత సీజీపీఏ నిలబెట్టుకోవాలి అన్నది తప్పకుండా తెలుసుకోండి. మా బ్యాచ్‌లో మొదటి ఏడాది ఫీజు రాయితీతో చేరి, సీజీపీఏ తగ్గి రెండో ఏడాది పూర్తి ఫీజు కట్టినవాళ్లున్నారు. నియమం ముందునుంచీ అడ్మిషన్ లెటర్‌లోనే ఉంది. చేరే హడావుడిలో దాన్ని చివరిదాకా చదివే తల్లిదండ్రులు తక్కువ.

అప్పు లెక్క ఒకటి వేసి చూద్దాం. పది లక్షల విద్యా రుణం, వడ్డీ 10 శాతం, ఏటా రెండున్నర లక్షల చొప్పున తీసుకున్నారనుకోండి. చదివే నాలుగేళ్లు, ఆ తర్వాత ఒక ఏడాది వాయిదాలు కట్టక్కర్లేదు, కానీ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. సాధారణ వడ్డీ వేసినా ఆ ఐదేళ్లకు మూడున్నర లక్షలు పేరుకుంటుంది. ఆ పదమూడున్నర లక్షలను ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 22,400. సర్వీస్ కంపెనీలో ఫ్రెషర్‌కి మూడున్నర లక్షల ప్యాకేజీ అంటే నెలకు చేతికి వచ్చేది పాతిక వేల చుట్టుపక్కల. మిగిలిన దాంతో హైదరాబాద్‌లో గానీ బెంగళూరులో గానీ గది అద్దె కట్టి బతకాలి. ఈ లెక్క భోజనాల బల్ల దగ్గర పిల్లల ముందే వేయండి, వాళ్లకూ తెలియాలి.

రుణం తప్పదనుకుంటే కేంద్రం 2024 నవంబరులో తెచ్చిన పీఎం విద్యాలక్ష్మి చూడండి. దాని జాబితాలోని సంస్థల్లో సీటు వస్తే పూచీకత్తు, హామీదారు లేకుండా రుణం ఇస్తారు. ఇంటి ఆదాయం ఏటా 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల దాకా రుణానికి, వాయిదాల విరామ కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. మీరు చేరబోయే సంస్థ ఆ జాబితాలో ఉందో లేదో చేరకముందే చూసుకోవాలి.

ఇక కన్వీనర్ సీటు. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. కన్వీనర్ సీటుకు ఫీజు ప్రభుత్వమే నిర్ణయిస్తుంది, అర్హత ఉన్న కుటుంబాలకు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. అదే కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు తీసుకుంటే రీయింబర్స్‌మెంట్ రాదు, ఫీజూ ఎక్కువే. మేనేజ్‌మెంట్ సీటుకు పెట్టే డబ్బుతో పోలిస్తే ప్రైవేటు యూనివర్సిటీ కొన్నిసార్లు పెద్ద ఖరీదేమీ కాదు. పోలిక నిజంగా దగ్గరగా ఉండేది అక్కడే. రీయింబర్స్‌మెంట్‌లోనూ ఒక చిక్కుంది. ప్రభుత్వం నుంచి బకాయిలు ఆలస్యమైతే ముందు మీరు కట్టండి అనే కాలేజీలుంటాయి. ఒక సెమిస్టర్ ఫీజు చేతిలో ఉంచుకునే దిగండి.

లోపల చదువు ఎలా ఉంటుంది?

ప్రైవేటు యూనివర్సిటీలో నాకు బాగా నచ్చింది సబ్జెక్టులు ఎంచుకునే వీలు. మెకానికల్ చదువుతూ డేటా సైన్స్ ఎలక్టివ్‌లు తీసుకున్న స్నేహితులు, ఇంజినీరింగ్ మధ్యలో ఎకనామిక్స్ మైనర్ చేసినవాళ్లు మా బ్యాచ్‌లో ఉన్నారు. సిలబస్ మార్చడానికి ఇంకో యూనివర్సిటీ అనుమతి అక్కర్లేదు కాబట్టి మార్పు త్వరగా వస్తుంది. రెండోది మనుషులు. గాజువాకలో పుట్టి పెరిగిన పిల్లాడి పక్కన ఒడిశా, బెంగాల్, బిహార్ నుంచి వచ్చినవాళ్లు కూర్చుంటారు. గ్రూప్ ప్రాజెక్టు అంటే ఇంగ్లిష్‌లోనో హిందీలోనో మాట్లాడక తప్పదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన కుర్రాళ్లు మొదటి సెమిస్టర్‌లో బిక్కచచ్చిపోయి, మూడో ఏడాదికి సెమినార్ ఇవ్వడం కళ్లారా చూశాను. క్యాంపస్ ఇంటర్వ్యూలో దీనికున్న విలువ ఏ మార్కుల మెమోలోనూ కనిపించదు.

కానీ అక్కడ ఎవరూ తోయరు. క్లాసుకు వెళ్లకపోతే హాజరు శాతం తగ్గినప్పుడు పోర్టల్‌లో ఎర్రగా కనిపిస్తుంది, అంతే. సెక్షన్లు చాలా ఉంటాయి, మీ పేరు తెలిసిన టీచర్లు కొందరే. 2024-25 నుంచి ఒక్కో బ్రాంచ్‌లో సీట్ల మీద ఉన్న గరిష్ఠ పరిమితిని సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ తీసేసింది. సీఎస్‌ఈ సెక్షన్లు ఎన్ని, ఒక్కో దాంట్లో ఎంతమంది అన్నది ఇప్పుడు ఇంకా గట్టిగా అడగాలి. ఇంటర్ రెండేళ్లూ కార్పొరేట్ కాలేజీలో బెల్లు కొడితే లేచి బెల్లు కొడితే పడుకున్న పిల్లలు కొందరు ఈ స్వేచ్ఛలో మొదటి ఏడాదే జారిపోతారు. సముద్రం అంత దగ్గర్లో ఉండటం కూడా ఏమంత మేలు చేయదు!

మా చెల్లెలి అటానమస్ కాలేజీ దీనికి పూర్తిగా వేరు. పొద్దున్నే కాలేజీ బస్సు, ఒక్క రోజు వెళ్లకపోతే నాన్న ఫోన్‌కి మెసేజ్, రెండో ఏడాది నుంచే ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ క్లాసులు. స్కూల్లా ఉందని విసుక్కునేది. కానీ కోడింగ్ ప్రాక్టీస్, ఆప్టిట్యూడ్ ఆ బలవంతం వల్లే అయ్యాయని ఇప్పుడు ఆమే ఒప్పుకుంటుంది. ఎంచుకునే సబ్జెక్టులు తక్కువ, స్నేహితులంతా శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి జిల్లాలవాళ్లే. ఒకరు తోస్తే కదిలే పిల్లలకు ఇదే మంచిదని నా గట్టి నమ్మకం.

ఏయూలో స్వేచ్ఛ వేరే రకం. ఫీజు భారం తక్కువ, డాక్టర్ వి.ఎస్.కృష్ణా లైబ్రరీ ఉంది, పరిశోధన చేసే డిపార్ట్‌మెంట్లు పక్కనే ఉన్నాయి, గేట్‌కో సివిల్స్‌కో చదివే సీనియర్లు హాస్టల్లోనే దొరుకుతారు. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గణితంలో ఎంఏ చేసింది ఇక్కడే. ఆ పేరు ప్రతిష్ఠ మీద మాత్రమే ఆధారపడి చేరొద్దు. శాశ్వత అధ్యాపకుల ఖాళీలు ఉన్నాయి, గెస్ట్ ఫ్యాకల్టీతో నడిచే సబ్జెక్టులుంటాయి, ల్యాబ్‌లు డిపార్ట్‌మెంట్‌ను బట్టి ఒక్కో తీరు. అయినా ప్రభుత్వ రంగ సంస్థలు (పీఎస్‌యూ), గేట్, పీహెచ్‌డీ వైపు మనసున్న పిల్లలకు మంచి బ్రాంచ్‌లో ఏయూ రెగ్యులర్ సీటు వస్తే నేను రెండో మాట ఆలోచించను. ఏయూలోనే సెల్ఫ్ సపోర్టింగ్ సీటు అయితే ఫీజు వేరు. దాన్ని మిగతావాటితో పాటు బేరీజు వేసుకోవాలి.

ప్లేస్‌మెంట్ అంకెలు

ఫ్లెక్సీ మీద వేసే హయ్యెస్ట్ ప్యాకేజీ ఒక్కరిది. ఆ ఒక్కరు ఏ కాలేజీలో ఉన్నా అంతే తెచ్చుకునేవారేమో ఎవరికి తెలుసు? చూడాల్సింది మధ్యలో ఉన్నవాడి జీతం. దానికి ఎవరినీ బతిమాలక్కర్లేదు. కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌లో పాల్గొనే సంస్థలు తాము సమర్పించిన వివరాలను తమ వెబ్‌సైట్‌లో పెడతాయి. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో లింక్ ఉంటుంది. అందులో ఎంతమంది చేరారు, నిర్ణీత కాలంలో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం, ఎంతమంది పై చదువులకు వెళ్లారు, మధ్యస్థ వేతనం ఎంత అన్నీ ఏడాదివారీగా ఉంటాయి. టీచర్ల పేర్లు, చేరిన తేదీలు కూడా.

నేనైతే జీతం అంకె కన్నా ముందు నిర్ణీత కాలంలో పాసైనవాళ్ల సంఖ్య చూస్తాను. చేరినవాళ్లకూ సమయానికి బయటపడ్డవాళ్లకూ తేడా పెద్దగా ఉంటే, అక్కడ పిల్లలు జారిపోతున్నారని అర్థం. ఒక జాగ్రత్త: ఆ వివరాలు మొత్తం సంస్థవి, బ్రాంచ్‌వారీవి కావు. గీతం లాంటి చోట విశాఖతో పాటు హైదరాబాద్, బెంగళూరు క్యాంపస్‌లు కూడా ఉన్నాయి కాబట్టి, మీ క్యాంపస్, మీ బ్రాంచ్ అంకె విడిగా అడగాలి.

రుషికొండలో ఇన్ఫోసిస్ వచ్చింది, టీసీఎస్‌కు 99 పైసలకు భూమి ఇచ్చారు, గూగుల్ డేటా సెంటర్ ప్రకటించారు, కాబట్టి పక్కనే ఉన్న యూనివర్సిటీలో చదివితే నడుచుకుంటూ ఉద్యోగానికి వెళ్లొచ్చు అనే వాదన ఈమధ్య బాగా వినిపిస్తోంది. కంపెనీలు రిక్రూట్‌మెంట్ దూరం చూసి చేయవు. దువ్వాడలో చదివినవాడికీ, సంగివలసలో చదివినవాడికీ ఆ ఇంటర్వ్యూ ఒకటే. అందరూ సీఎస్‌ఈ వైపు పరిగెడుతున్న ఈ రోజుల్లో, షిప్‌యార్డు, నేవల్ డాక్‌యార్డు, రిఫైనరీ, పరవాడ ఫార్మా, అచ్యుతాపురం పరిశ్రమలు ఉన్న ఊళ్లో మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్ కన్వీనర్ సీట్లు తేలిగ్గా దొరకడం నాకు వింతగానే ఉంటుంది.

రోజూ వెళ్లి రావడం

ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ కాదు. కూర్మన్నపాలెంలో ఇల్లుండి రుషికొండలో సీటంటే ఎన్‌ఏడీ, హనుమంతవాక దాటుకుంటూ రోజూ నగరాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు కొలవాలి. అదే ఇల్లు మధురవాడలో ఉండి దువ్వాడలో సీటు వచ్చినా అంతే బాధ. సాయంత్రం క్లబ్బులు, హ్యాకథాన్‌లు, లైబ్రరీ కోసమే కదా ప్రైవేటు యూనివర్సిటీకి అంత కట్టేది? కాలేజీ బస్సు వెళ్లిపోతుందని క్లాసు కాగానే పరిగెత్తే డే స్కాలర్‌కు అవి అందవు. ఏడాదైనా హాస్టల్లో ఉంచలేకపోతే, లేదా ఎండాడ, మధురవాడ వైపు పీజీ చూడలేకపోతే, మీరు కట్టే డబ్బులో సగం ప్రయోజనం దారిలోనే పోతుంది. ఆర్టీసీ 900కె, 222 ఉన్నాయి గానీ, ఆ టైములో సీటు దొరకడం అదృష్టం.

ఇంజినీరింగ్ కానివాళ్లకు రెండు మాటలు. బీబీఏ, డిజైన్, సైకాలజీ, ఎకనామిక్స్ లాంటి వాటికి ప్రైవేటు యూనివర్సిటీలో కోర్సు కొత్తగా, ఎక్స్‌పోజర్ ఎక్కువగా ఉంటుంది. మాస్టర్స్‌కి బయటి దేశం వెళ్లే ఆలోచన ఉంటే ఇంకా బాగు. బీకామ్ చేసి సీఏ రాయాలనుకునేవాళ్లకు అంత ఖర్చు దండగ. నగరం మధ్యలో ఏదైనా మంచి డిగ్రీ కాలేజీ, కోచింగ్‌కి దగ్గరగా, చాలు. లా మీద మనసుంటే క్లాట్ రాసి సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ముందు ప్రయత్నించండి.

చేరే ముందు

ఓపెన్ హౌస్ రోజున వెళ్లొద్దు, ఆ రోజు ఏ క్యాంపస్ అయినా పెళ్లింటిలా ఉంటుంది. మామూలు పనిరోజు మధ్యాహ్నం వెళ్లి క్యాంటీన్‌లో మూడో ఏడాది పిల్లలను పలకరించండి. ప్లేస్‌మెంట్ గురించి అడిగితే అందరూ విన్నదే చెబుతారు. అందుకని వేరేవి అడగండి: ఈ సెమిస్టర్‌లో కోరిన ఎలక్టివ్ దొరికిందా, ల్యాబ్‌లో ఒక్కో సిస్టమ్‌కి ఎంతమంది, సబ్జెక్టు పోతే మళ్లీ రాయడానికి ఎంత కట్టారు, హాస్టల్లో నీళ్లు ఎలా ఉన్నాయి. అమ్మాయిలను పంపేవాళ్లు గేటు టైమింగులు, సెలవు రోజుల్లో బయటికి వెళ్లాలంటే ఎవరి అనుమతి కావాలన్నది హాస్టల్ అమ్మాయిలనే అడగాలి, వార్డెన్‌ను కాదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎక్కడా వదిలిపెట్టొద్దు. యూజీసీ నియమం ప్రకారం వాటిని చూసి వెంటనే తిరిగివ్వాలి, దగ్గర పెట్టుకోకూడదు. ప్రైవేటు యూనివర్సిటీలో చేరినా కౌన్సెలింగ్‌కు రిజిస్టర్ చేసుకుని, వెబ్ ఆప్షన్లు పెట్టే ఉంచండి. ఆప్షన్లలో మీరు నిజంగా చేరే కాలేజీలనే, ఇష్టం తగ్గే వరుసలో పెట్టాలి. వెరిఫికేషన్‌లో సందేహం వస్తే కంచరపాలెం పాలిటెక్నిక్‌లో హెల్ప్‌లైన్ సెంటర్ పెడతారు, అక్కడికి టీసీ, కుల, ఆదాయ పత్రాలు ఒరిజినల్స్‌తో వెళ్లండి. ఆదాయ ధ్రువపత్రానికి మీ వార్డు సచివాలయంలో ముందే దరఖాస్తు పెట్టుకోండి. కౌన్సెలింగ్ వారంలో వెళితే అక్కడ క్యూ ఉంటుంది.